అల విరగని చోట: పండగ సెలవుల్లో విశాఖ కుటుంబాలు గమనించవలసిన ముప్పులు

దసరా సెలవులతో మొదలై కనుమ దాకా సాగే మూడు నెలల పైచిలుకు కాలంలో విశాఖపట్నంలో చుట్టాలు రాని ఇల్లు అరుదు. వచ్చినవాళ్ళను మొదటి రోజు సాయంత్రం బీచ్‌కు, మర్నాడో మూడోనాడో తెల్లవారుజామున అరకుకు తీసుకువెళ్ళడం ఈ ఊరి మర్యాద. ఈ నెలల్లో కుటుంబాల మీదికి వచ్చే ప్రమాదాల గురించి హెచ్చరికలకు లోటేమీ లేదు. సముద్రంలో దిగవద్దని, నిద్ర లేకుండా బండి నడపవద్దని, నిలవ తిండి తినవద్దని పత్రికలూ పోలీసులూ ఏటా చెబుతూనే ఉన్నారు. అవి చెవికెక్కకపోవడానికి మన నిర్లక్ష్యం ఒక్కటే కారణమని నేననుకోను. ఈ ప్రమాదాల్లో చాలావాటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది: అవి భయం పుట్టించే రూపంలో ఉండవు, కంటికి నెమ్మదిగానో, ఒంటికి వెచ్చగానో, నోటికి కమ్మగానో ఉంటాయి. అందువల్ల ఏది చేయకూడదో మళ్ళీ ఒకసారి వల్లించడం కన్నా, లోపల జరిగేదేమిటో విడదీసి చూడటం మేలు.

ముందు సముద్రం సంగతి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర గట్టు మీద కూర్చుని ఒక పావుగంట అలలను గమనిస్తే, అవి తీరం పొడవునా ఒకేలా విరగడం లేదని తెలుస్తుంది. కొంత మేర తెల్లటి నురగతో వరుసగా విరుగుతూ వస్తాయి. ఆ వరుసల నడుమ ఎక్కడో ఒకచోట నురగ లేని పాయ కనిపిస్తుంది. అక్కడ నీరు కాస్త ముదురు రంగులో, చదునుగా, చూడటానికి చెరువు నీరంత సాధువుగా ఉంటుంది. ఈత రాని పెద్దలు పిల్లల చేయి పట్టుకుని దిగడానికి ఎంచుకునేది సరిగ్గా ఆ పాయనే, ఎందుకంటే అల వచ్చి మొహం మీద కొట్టని చోటు అదొక్కటే. రిప్ కరెంట్ అని పత్రికల్లో చదివేది దానినే.

అది ఏర్పడే తీరు తెలిస్తే ఆ నెమ్మదితనం వెనుక ఏముందో అర్థమవుతుంది. అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరంతా మళ్ళీ లోపలికి పోవాలి. నీటి అడుగున ఇసుక తిన్నె గట్టులా అడ్డుగా ఉన్నచోట దానికి దారి ఉండదు, కనుక అది ఒడ్డు వెంబడి పక్కకు జరుగుతూ పోయి, తిన్నె తెగి లోతుగా ఉన్న సందు దొరకగానే అందులోంచి ఒక్క ఉదుటున సముద్రంలోకి పరుగు తీస్తుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, నురగ రాదు. దాని వేగం మామూలుగా సెకనుకు అర మీటరు అటూ ఇటూ ఉంటుంది గానీ, అలలు బలంగా ఉన్నప్పుడు 2 మీటర్లు కూడా దాటవచ్చు. ఒలింపిక్స్‌లో ఈదేవారి వేగం దాదాపు అంతే. ఊళ్ళో బావిలోనో కాలువలోనో నేర్చుకున్న ఈత ఆ ఒరవడికి ఎదురు నిలవదు. పైగా ఇసుక తిన్నెలు కుదురుగా ఉండవు. నిన్న పిల్లలు క్షేమంగా ఆడుకున్న చోటు ఇవాళ పాయగా మారి ఉండవచ్చు.

జనంలో స్థిరపడిన ఒక పొరపాటు అభిప్రాయాన్ని ఇక్కడ సరిచేయాలి. ఈ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. ప్రాణం తీసేది చాలావరకు అలసట: కనిపిస్తున్న ఒడ్డు వైపే సూటిగా, ప్రవాహానికి ఎదురుగా ఈది, రెండు మూడు నిమిషాల్లో సత్తువ ఉడిగి మునిగిపోతారు. చిక్కుకున్నవారు చేయవలసింది మనసుకు నచ్చని పని, అంటే పెనుగులాడకుండా వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి ఊపడం, ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది నురగ ఉన్న చోటికి చేరడం. ఈ పాయలు సాధారణంగా వెడల్పు తక్కువ కనుక పక్కకు తప్పుకోవడం సాధ్యమే. ఒడ్డున ఉన్నవారు వెనుకే దూకడం మరో చావుకు దారి. ఒకరిని కాపాడబోయి తమ్ముడో స్నేహితుడో మునిగిన వార్త మనం తరచుగా చదివేదే. మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా, థర్మోకోల్ పెట్టె, పిల్లల బంతి, తేలేది ఏదైనా విసిరి, గజ ఈతగాళ్ళను పిలవడం ఆ క్షణంలో చేయగల అసలైన సాయం.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పటి నుంచి అక్కడ సముద్రమే నెమ్మదించినట్టు మాట్లాడేవారు ఉన్నారు. ఆ గుర్తింపు నీటి శుభ్రతకు, సౌకర్యాలకు, భద్రత ఏర్పాట్లకు ఇచ్చేది. కెరటానికి ఆ జెండా సంగతి తెలియదు. యారాడ, భీమిలి, తొట్లకొండ కింది తీరం వంటి చోట్ల జనం పలచగా ఉంటారు కాబట్టి, అక్కడ ఆపద వస్తే చూసే కళ్ళు కూడా తక్కువే.

ఈ ఊరికి మరొక చిక్కు ఉంది. మన పండగల కాలమూ బంగాళాఖాతంలో తుపానుల కాలమూ ఒకటే. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12న, దీపావళికి పదకొండు రోజుల ముందు. తుపాను నెత్తి మీదికి వచ్చిన రోజున ఎవరూ బీచ్‌కు వెళ్ళరు. మోసమంతా వాయుగుండం వందల కిలోమీటర్ల దూరాన ఉన్న రోజుల్లో ఉంటుంది: ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి కూడా ఉండదు, కానీ అక్కడ పుట్టిన పెద్ద అలలు ప్రయాణం చేసి వచ్చి మన ఒడ్డును తాకుతూ ఉంటాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఎత్తైన అలల గురించి మత్స్యకారులకూ తీర ప్రజలకూ ఇచ్చే హెచ్చరికలను, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికి బయలుదేరే ముందు ఒకసారి చూసుకోవడం పంచాంగం చూసుకున్నంత సులువు.

పిల్లల విషయంలో సముద్రం కన్నా మన చుట్టరికాలే ఎక్కువ చిక్కు తెస్తాయి. పది మందిలో పాము చావదని సామెత. బాబాయి చూస్తున్నాడని పిన్ని, పిన్ని చూస్తోందని అమ్మమ్మ అనుకుంటారు. ఆ సమయానికి బాబాయి ఫోటోలు తీస్తుంటాడు. మునిగిపోయే పిల్ల కేకలు వేస్తుందని, చేతులు ఆడిస్తుందని మనం సినిమాల వల్ల నమ్ముతున్నాం గానీ, వాస్తవంలో అది దాదాపు నిశ్శబ్దంగా జరుగుతుంది. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటే ఊపిరి పీల్చుకోవడమే గగనం, ఇక అరవడానికి గాలి ఎక్కడిది? చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి కాబట్టి పైకి లేవవు. అందుకని పది మంది ఉన్నప్పుడు ఒక్కరి పేరు పెట్టి, ఈ అరగంట పిల్లల కాపలా నీదే అని పైకి చెప్పి, ఆ మనిషి చేతిలోంచి ఫోన్ తీసేసుకోవడం ఒక్కటే పనిచేసే పద్ధతి. అరగంట తర్వాత ఇంకొకరు.

నీటిలోంచి తీసిన వ్యక్తిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన తీరంలో ఇంకా చూస్తుంటాం. దానివల్ల పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, నోటితో ఊపిరి ఊది, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున, పెద్దవారికైతే 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి; 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళక తప్పదు, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో వాపు కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఇక కొండ దారి. విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు బండిలో అందరూ జాగ్రత్తగా, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారు. తిరిగి వచ్చేటప్పుడు, కడుపు నిండి, పిల్లలు నిద్రపోయి, బండి దానంతట అది దిగుతున్నట్టు అనిపిస్తుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ దిగుడులోనే. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే రాపిడికి బ్రేకులు కాగిపోయి పట్టు సడలుతుంది. కాలుతున్న రబ్బరు లాంటి ఘాటైన వాసన దానికి మొదటి గుర్తు. ఏ గేరులో ఎక్కారో ఇంచుమించు అదే గేరులో దిగడం, న్యూట్రల్ చేయకపోవడం, వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన సంగతులే గానీ, పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగే ఘనులను నేను చూశాను. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయిన సంగతి ఈ దారిన వెళ్ళేవారు మరచిపోకూడదు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీది మేఘాలను చూడటం కోసం అర్ధరాత్రి రెండింటికి బయలుదేరే అలవాటు కొత్తగా వచ్చింది. ముందురోజు సాయంత్రమే వెళ్ళి పాడేరులో పడుకుంటే మేఘాలు ఎక్కడికీ పోవు.

ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్లవాడు అమ్మ చేతుల్లో భద్రంగా ఉన్నాడని అనిపిస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు ఆ పిల్లవాడిని పట్టుకోగల చేతులు ఎవరికీ లేవు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే తగిలేది మొదట వాడికే. 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా ఉంది. సంక్రాంతికి భార్యాబిడ్డలతో బైకు మీద సొంతూరు వెళ్ళేవారికి కూడా నిబంధన ఉంది: 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు బిడ్డకు హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

కొండ మీద గదిలో పొంచి ఉండేది కంటికి అసలే కనిపించనిది. లంబసింగిలోనో అరకులోనో డిసెంబర్ రాత్రి చలికి తట్టుకోలేక, బయట వేసిన మంటలోని నిప్పులను ఏ బొచ్చెలోనో వేసి గదిలోకో గుడారంలోకో తెచ్చుకుని తలుపులు మూసుకుంటారు. పొగ రావడం లేదు కదా అన్నది ధీమా. ఎర్రటి బొగ్గు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలైతే ఘాట్ రోడ్డు తిప్పులనో, బొంగు చికెన్ పడలేదనో అనుకుని ఇంకాస్త కప్పుకుని పడుకుంటారు. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తుంది: ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, ఆరుబయటికి రాగానే తేలికపడితే అది ఆ వాయువు పనే. వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఇక్కడ అబద్ధం చెబుతుంది. రక్తంలో ఉన్నది ఆక్సిజనో మోనాక్సైడో అది వేరుచేయలేదు కనుక అంకె మామూలుగానే చూపిస్తుంది. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ పెట్టిన వసతి గృహాల్లోనూ ఇదే ముప్పు. కిటికీ తెరిచి, వేడి నీళ్ళు బకెట్లో పట్టుకుని, గీజర్ ఆపాకే స్నానానికి వెళ్ళడం సురక్షితం. మనిషి స్పృహ తప్పితే బయటికి లాగి 108ని పిలవాలి. అక్కడ అవసరమయ్యే మందు ఆక్సిజనే.

కార్తీక వనభోజనాల తర్వాత వచ్చే వాంతులకు తిండి పాచిపోవడమే కారణమని సాధారణంగా అనుకుంటాం. పాచిన తిండిని ముక్కు పట్టేస్తుంది, కాబట్టి దాన్ని ఎవరూ తినరు. ఇబ్బంది పెట్టేది వాసనా రుచీ చెడని అన్నం. బియ్యంలో సహజంగా ఉండే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గిన్నె గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా విరగదు. 60 డిగ్రీల పైన, 5 డిగ్రీల కింద చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. ఆ రెంటి నడుమ తిండి రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండవేళ అయితే ఒక గంటకు మించకూడదు. ఉదయం ఆరింటికి వండి, మూత బిగించి, కారు డిక్కీలో పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఉసిరి చెట్టు కింద విప్పే బిర్యానీ ఈ లెక్కలో ఎక్కడుందో చూసుకోవచ్చు. పెద్ద గుండిగలో వండిన మాంసం కూర నడిమిభాగం ఎంతకూ చల్లారదు కాబట్టి దానికి ఇంకో రకం బ్యాక్టీరియా బెడద ఉంది.

ఈ విషయంలో పులిహోర చేసిన పాతకాలపు ఇల్లాలికి నేను దండం పెడతాను. అన్నాన్ని వెడల్పాటి తాంబాళంలో పలచగా పరిచి, నూనె పసుపు చల్లి, విసిరి చల్లార్చి, ఆపైన చింతపండు గుజ్జు కలపడం రుచి కోసమే అనుకుంటాం. తొందరగా చల్లార్చడం, పులుపు చేర్చడం రెండూ బ్యాక్టీరియా పెరుగుదలను అణచే పనులే. ప్రయాణానికి పులిహోర కట్టుకోవడం ఊరికే పుట్టిన ఆచారం కాదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు మాత్రం దుకాణాల్లో దొరికే తీయటి డబ్బా పానీయాలు పట్టకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న ఓఆర్ఎస్ లీటరు పొట్లం ఒకటి సరిగ్గా లీటరు మంచినీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. నీళ్ళు తగ్గించి చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

దీపావళికి తారాజువ్వలను చూసి భయపడే తల్లిదండ్రులే మూడేళ్ళ బిడ్డ చేతికి కాకరపువ్వొత్తి ఇస్తారు. దాని కొస 1,000 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, ఆరిపోయాక కూడా తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. నేల మీద పడేసిన ఆ తీగల మీద కాళ్ళు పెట్టి కాల్చుకునేవారు కొల్లలు. పక్కన నీళ్ళ బకెట్ పెట్టి, ఆరిన ప్రతి పుల్లనూ అందులో ముంచితే సరిపోతుంది. కాలిన చోట కుళాయి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పడనివ్వాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా వద్దు. పొగ సంగతి ఈ ఊరికి ప్రత్యేకం. పగలు సముద్రపు గాలి ఊరిని ఊడ్చేస్తుంది కాబట్టి మనది శుభ్రమైన గాలి అనుకుంటాం గానీ, చలికాలపు రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి పైన వెచ్చటి పొర మూతలా కమ్ముకుంటుంది, చుట్టూ కొండలు గోడలవుతాయి. దీపావళి పొగైనా భోగి మంటలో వేసిన ప్లాస్టిక్కూ టైరూ పొగైనా ఆ గిన్నెలో తెల్లవార్లూ ఉండిపోతుంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. ఆయాసం ఉన్న తాతయ్యకు, ఉబ్బసం ఉన్న పిల్లకు ఆ రాత్రీ మర్నాటి ఉదయమూ కిటికీలు మూసి ఉంచడం, రోజూ వాడే ఇన్‌హేలర్ మానకుండా చూడటం అవసరం.

పెద్దవారి విషయంలో పిండివంటలనే తప్పుపడతాం. అరిసెలు మాత్రమే కాదు, ఉపవాసం కూడా మధుమేహం ఉన్నవారికి గండమే. కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం దాకా ఏమీ తినకుండా, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గానీ ఉదయం మామూలుగానే తీసుకుంటే మధ్యాహ్నానికి చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, చిరాకు, తికమక మాటలు కనిపిస్తే భక్తి పారవశ్యమనో నీరసమనో పడుకోబెట్టకుండా, మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. ఏ మోతాదు తగ్గించాలో కార్తీకం రాకముందే వైద్యుడిని అడిగి ఉంచుకోవాలి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాల్లో క్యూలో గంటలకొద్దీ నిలబడవలసిన పెద్దలకూ ఈ మాట వర్తిస్తుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసేది ఇంటికి తిరిగి వచ్చాక పది పదిహేను రోజులకు వచ్చే జ్వరం. అప్పటికి చుట్టాలు తమ ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు, అరకు ఫోటోలు కూడా చూడటం మానేసి ఉంటారు. మన్యంలో రాత్రి కుట్టిన దోమ వల్ల వచ్చే మలేరియా సాధారణంగా వారం లోపు బయటపడదు. రెండు వారాలకో నెలకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో వస్తుంది. పొదల్లో, గడ్డిలో కూర్చున్నప్పుడు కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా వానలు వెనుకబట్టిన ఈ నెలల్లోనే ఎక్కువ, అది బయటపడటానికి 6 నుంచి 21 రోజులు పట్టవచ్చు. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చిన్న చెక్కు కట్టవచ్చు. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, చంకలోనో నడుము పట్టీ కిందో గజ్జల్లోనో మోకాలి వెనకో దాగి ఉంటుంది కాబట్టి రోగికి తెలియదు, అడగకపోతే వైద్యుడూ చూడకపోవచ్చు. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గే ఆ జ్వరం, ఆలస్యమైతే ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. అందుకే జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళంతా ఒకసారి వెతికి చూడాలి. వైద్యుడి దగ్గర జ్వరం ఎన్ని రోజులనుంచో చెప్పే ముందు, ఫలానా తేదీన అరకులోనో లంబసింగిలోనో పడుకున్నామని, ఏ గడ్డి మీద కూర్చున్నామో చెప్పాలి. విజయవాడకో హైదరాబాద్‌కో తిరిగి వెళ్ళిన చుట్టాలకు ఆ మాట ఫోన్ చేసి చెప్పే బాధ్యత, వాళ్ళను అక్కడికి తీసుకువెళ్ళిన మనదే.